ఆది కందూరా

సోమవారం పొద్దున పదింటికి ఖల్ఫాన్ అర్బాబ్ కారు దుకాణం ముందు ఆగేసరికి కరీముల్లా చొక్కాకి కాజాలు కుడుతున్నాడు. అర్బాబ్, అంటే కాగితాల మీద దుకాణానికి యజమాని అయిన అరబ్బు, ఏడాదికి రెండేసార్లు వచ్చే మనిషి. రంజాన్ పండక్కి ఒకసారి, లైసెన్సు మీద ముద్ర వెయ్యడానికి ఇంకోసారి. పండగ వెళ్ళిపోయింది. ముద్రకి ఇంకా పది రోజులుంది. సూదిని గుడ్డలో అలాగే గుచ్చి, కరీముల్లా లేచి నిలబడ్డాడు.

అర్బాబ్ సలాంకి బదులు చెప్పి, చేతిలోని కాగితం సంచి కటింగ్ బల్ల మీద పెట్టాడు. అందులోంచి ఆకుపచ్చ పట్టు కందూరా బయటికి తీశాడు. మెడ నుంచి మడమల దాకా ఉండే ఆ పొడుగు గౌనుని శనివారమే ఇస్త్రీ చేసి, మడతల్లో పల్చటి కాగితం పెట్టి, కరీముల్లా స్వయంగా అర్బాబ్ డ్రైవరు చేతికిచ్చాడు. ఇప్పుడది సంచిలోంచి నలిగి పీచులా బయటికొచ్చింది.

అర్బాబ్ గొంతు పెంచే రకం కాదు. అరబ్బీ కలిసిన హిందీలో మెల్లగా చెప్పాడు. నిన్న సాయంత్రం అమ్మ తొడుక్కుని చూసింది. కుడి వైపు మెడ పట్టేసింది. ఎడమ వైపు భుజం జారి మోచేతి దాకా వచ్చింది. ఆడవాళ్ళందరి ముందూ విప్పేసి, గదిలోకెళ్ళి కూర్చుంది. గురువారం మనవరాలి పెళ్ళి. ఆ పట్టు మా నాన్న బొంబాయి నుంచి తెచ్చింది, ఇరవై ఏళ్ళు పెట్టెలో దాచుకుంది. మెడచుట్టూ ఉన్న వెండిజరీ పట్టీ ఆమె చేత్తో అల్లుకున్నది, నాలుగు నెలలు పట్టింది.

సరిచేసి ఇస్తామని కరీముల్లా అనబోయాడు. అర్బాబ్ అరచెయ్యి చూపించి ఆపాడు.

"కటింగ్ ఎవరిది?"

దుకాణంలో ఉన్నది ఇద్దరే. బల్లకి అవతల మంగరాజు మెడలో టేపుతో నిలబడి ఉన్నాడు. తుని దగ్గర ఊరు. ఉన్న కుట్టుమిషను అమ్మి మూడేళ్ళ కిందట ఇక్కడికొచ్చాడు. దుకాణం వెనక గదిలోనే పడక. దుకాణమున్న ఈ రోలా బజారులో అతనంత శుభ్రంగా పట్టు కోసే చెయ్యి లేదని కరీముల్లా నమ్మకం. ఆ మాట ఒక్కసారీ అతనితో అనలేదు.

"మైనే కాటా, అర్బాబ్," అని, కోసింది తనేనని ఒప్పుకున్నాడు మంగరాజు.

అర్బాబ్ అతన్ని కింద నుంచి పైకి చూశాడు. పెళ్ళి అయిపోయాక శనివారం ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్తాను, పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, వీసా కొట్టేయిస్తాను అన్నాడు. తర్వాత కరీముల్లా వైపు తిరిగి, "ఖలాస్" అని ఒక్క మాట అన్నాడు. కందూరాని బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

కరీముల్లా కందూరాని విదిలించి మడత పెట్టాడు.

అదృష్టమో దురదృష్టమో, ఆది ఇంకా దుకాణంలోనే ఉంది. ఈ దేశంలో ఆడవాళ్ళ ఒంటి మీద మగదర్జీ టేపు పెట్టడు. వాళ్ళు వేసుకుంటున్న బట్ట ఒకటి ఆదికి పంపిస్తారు, దాన్ని పరిచి కొలిచి కొత్తది కోస్తారు. కరీముల్లా ఊరు నెల్లూరులో రవికకి రవిక ఆది ఇచ్చినట్టే. ముసలామె రోజూ వేసుకునే కాఫీపొడి రంగు కందూరాని డ్రైవరు పోయిన బుధవారం తెచ్చిచ్చాడు, పెళ్ళి హడావిడిలో తిరిగి తీసుకెళ్ళడం మరిచాడు. మంగరాజు దాన్ని బల్ల మీద పరిచి, నిలువునా సగానికి మడిచాడు. భుజం మీద భుజం వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

"చూడండి సాయిబుగారూ. రెండూ సమానంగానే ఉన్నాయండి."

"ఆది సమానంగా ఉంటే కొత్తది ఎట్టా పోద్ది? ఇన్నేళ్ళు కత్తెర పట్టినోడివి."

"ఆదిలో ఏముంటే అదేనండి నేను కోసేది."

"అయితే తప్పు ఆ ముసలమ్మ భుజాలదా?"

మంగరాజు ఆదిని మళ్ళీ మడిచి, సంచిలో పెట్టి, సంచి మూతి రెండుసార్లు చుట్టాడు.

ఒంటిగంటకి షట్టరు దించి కరీముల్లా మెట్లెక్కాడు. దుకాణం పైన మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు. పెళ్ళయి నాలుగు నెలలు, భార్య దిల్షాద్ ఇక్కడికి వచ్చి రెండు నెలలు. ఈ రెండు నెలల్లో ఒక్కరోజు కూడా అతను ఒంటిగంట దాటాక కింద ఉండలేదు. పోయిన బుధవారమైతే డ్రైవరు సంచి ఇస్తుండగానే షట్టరు సగం దించేశాడు. ఆది తీసుకున్నప్పుడు ఇచ్చినవాళ్ళ ముందే విప్పి చూడాలన్నది అతని తండ్రి నేర్పిన మొదటి పాఠం. ఆ రోజు పైనుంచి పులుసు వాసన వస్తుంటే, సంచిని విప్పకుండా చంకలో పెట్టుకుని మెట్లెక్కేశాడు. తిని, నిద్రపోయి, నాలుగింటికి లేచి, సంచిని తెచ్చి మంగరాజు చేతిలో పెట్టాడు.

దిల్షాద్ తలుపు తీసి ముందుగా చెప్పిన కబురు, పాలపొడి డబ్బాలో వేసిన పుదీనా నాలుగాకులు తొడిగిందని. రెండో కబురు, ఎదురింటి మిద్దె మీద పావురం గుడ్డు పెట్టిందని. కుళాయి తిప్పితే నీళ్ళు రావడం, ఫ్రిజ్ తీస్తే నిమ్మకాయ చల్లగా ఉండటం, పొద్దున్నే రొట్టెలవాడు కింది నుంచి కేకెయ్యడం, ఇవన్నీ ఆమెకి ఇంకా పాతబడలేదు. బి.ఏ. చదివిన పిల్ల, పావురం గుడ్డు గురించి రోజూ పరీక్ష రాసినంత శ్రద్ధగా చెప్తుంది. మామూలుగా అయితే అతను బాల్కనీలోకి వెళ్ళి చూసొచ్చేవాడు. ఇవాళ చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు.

అన్నం వడ్డిస్తూ ఆమె నవ్వాపుకుంటోంది.

"ఏమండీ, ఆ అవ్వ కందూరా ఇచ్చేశారా? ఏమన్నా అన్నదా?"

"దేని గురించి?"

"చెప్పకూడదు కదా. చెప్తే బరకత్ పోద్దని మీరే అంటిరి."

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో తండ్రి దుకాణం గురించి గొప్పగా చెప్పుకున్న మాట అది. నెల్లూరులో అబ్బాజాన్ ఆదికి వచ్చిన బట్టని ఊరికే తిరిగిచ్చేవాడు కాదు. ఊడిన గుండీ కుట్టేవాడు, జారిన అంచు ఎత్తేవాడు, ఇస్త్రీ చేసేవాడు. దానికి డబ్బు అడిగేవాడు కాదు, చేశానని చెప్పేవాడూ కాదు. ఇంటికెళ్ళి విప్పుకున్నాక వాళ్ళకే తెలియాలి. చెప్పి చేసేదాంట్లో బరకత్, ఆ దేవుడి దీవెన, ఉండదు.

అతను మెల్లగా అడిగాడు. ఆమె దాచలేకపోయింది. ఆ రోజు మీరు నిద్రపోతా ఉంటే సంచి విప్పానండి, అని మొదలుపెట్టింది. ఎడమ భుజం రెండువేళ్ళ మేర కిందికి దిగిపోయి ఉంది. ఎవరో చూపు ఆననివాళ్ళు నల్లదారంతో వంకరటింకరగా మడతేసి కుట్టారు. మొత్తం ఊడదీశాను. లోపలి అంచులోంచి అదే రంగు దారప్పోగులు లాగి, వాటితోనే చేత్తో కుట్టాను. కుట్టు ఎక్కడుందో మీ కళ్ళకి కూడా ఆనదు, పందెం. ఇదిగో, వేలు కూడా గుచ్చుకుంది.

సూది గుచ్చుకున్న వేలు అతని కళ్ళముందు పెట్టింది. అతను ఆ వేలు పట్టుకున్నాడు.

"బాగా కుట్టినావు," అన్నాడు.

ఆ మాటకి ఆమె వంటింట్లోకి దాదాపు గంతేస్తూ వెళ్ళింది. అతనికి మాత్రం చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టెయ్యాలో నోట్లో పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం చెప్పేద్దామనుకునే కిందికి దిగాడు. మంగరాజు వెనక గదిలోంచి అన్ని ఆర్డర్లూ తెచ్చి బల్ల మీద వరుసగా పేర్చాడు. ఒక్కో గుడ్డా కోసి, ముందూ వెనకా చేతులూ కలిపి చుట్టి, పైన సుద్దతో పేరు రాస్తున్నాడు. ఏమిటని కరీముల్లా అడిగాడు. శనివారం తర్వాత కొత్త మనిషి దొరికేదాకా మీరు కుట్టుకోడానికుంటుందండి, అన్నాడు తలెత్తకుండా.

కరీముల్లా మిషను ముందు కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద అద్దం కట్టించిన లైసెన్సు. పైన అర్బాబ్ పేరు, కింద ముదీర్, అంటే మేనేజరు, అన్నచోట తన పేరు. పన్నెండేళ్ళుగా అది తన దుకాణం. మిషన్లు తను కొన్నవి, బల్ల తను చేయించింది, బోర్డు మీద రంగులు తను ఎంచినవి. కాగితం మీద మాత్రం తను అర్బాబ్ దగ్గర పనిచేసే ముదీరు. ఆ ఒక్క గడిలో పేరుంటే తనుంటాడు. తనుంటే దిల్షాద్ వీసా ఉంటుంది. దుకాణం పనిలో నా భార్య వేలుపెట్టింది, మీ అమ్మ బట్ట ఊడదీసింది, అని ఎలా చెప్పడం? అర్బాబ్ ఎవరిని ముందు పంపిస్తాడు? నాలుగాకుల పుదీనా, పావురం గుడ్డు, తలుపు తియ్యగానే వినపడే కబుర్లు, అన్నీ ఒక సూట్‌కేసులో పట్టేస్తాయి.

ఆ రోజు చెప్పలేదు.

మంగళవారం ఒంటిగంటకి అతను పైకి వెళ్ళలేదు. పని ఉందన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. ఒకటిన్నరకి సగం దించిన షట్టరు కిందనుంచి దిల్షాద్ వంగి లోపలికొచ్చింది, చేతిలో క్యారియరుతో. ఇద్దరికీ తెచ్చాను అంది. వెనక గది తలుపు తీసి ఉంది. మంచం మీద మంగరాజు సూట్‌కేసు తెరిచి ఉంది, పక్కన తాడు.

"ఊరికా అన్నా? చెప్పనేలేదే ఈయన. వదినకి ఏం కొన్నారు?"

మంగరాజు కరీముల్లా వైపు చూశాడు. ఆయన చెప్పలేదని అప్పుడే అర్థమైనట్టుంది.

"కొనడానికి టైం లేదమ్మా. కటింగ్ తప్పిందంట. పంపించేస్తన్నారు."

"ఏ కటింగు?"

"పెద్దామెగారి ఆకుపచ్చదమ్మా. ఎడమ భుజం జారిపోయిందంట. ఆదికి సరిగ్గానే కోశాను. మరి ఎక్కడ పోయిందో నాకూ తెలీలేదు."

దిల్షాద్ క్యారియరుని బల్ల మీద పెట్టింది. గిన్నెలు విప్పలేదు. భర్త వైపు తిరిగి చూసింది. అతను కాజా కుడుతున్నాడు. దారం అయిపోయిన సూదితో.

ఆమె షట్టరు కిందనుంచి వంగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తలుపు తీసినప్పుడు పావురం కబురు చెప్పలేదు. అన్నం పెట్టింది, తనూ తింది. పళ్ళేలు తీస్తూ, సోమవారమే తెలుసా మీకు, అని అడిగింది. తెలుసన్నాడు. వేలు పట్టుకున్నప్పుడా? అప్పుడే, అన్నాడు. అర్బాబ్‌కి తెలిస్తే జరిగేదేంటో వివరంగా చెప్పాడు. ఆమె ఓపిగ్గా అంతా విన్నది, మధ్యలో అడ్డం రాలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

బుధవారం తొమ్మిదింటికి ఆమె బురఖా వేసుకుని, చేతిసంచిలో టేపూ కత్తెరా సూదిడబ్బా సర్దుకుని గది మధ్యలో నిలబడింది.

"నేను ఆ అవ్వ దగ్గరికి పోతుండా. ఆడమనిషిని ఆడమనిషి కొలవొచ్చు కదా. మీరొస్తారా, టాక్సీవాడికి ఇంటి గుర్తు చెప్తారా?"

"దిల్షాద్, నిన్ను ఊరికి పంపిస్తే?"

"పోతా. ఈడ ఇంక మీతో నవ్వతా ఉండాలంటే నాకు చాతకావట్లేదు."

అతను కిందికి దిగి ఆకుపచ్చ కందూరా, ఆది కందూరా రెండూ సంచిలో పెట్టుకున్నాడు. మంగరాజు మిషన్లకి నూనె వేస్తున్నాడు. ఎక్కడికని అడగలేదు.

టాక్సీలో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూశారు.

అర్బాబ్ ఇంటి ముందు అప్పటికే పెళ్ళి దీపాల తీగలు కడుతున్నారు. దిల్షాద్ సంచి తీసుకుని పక్క తలుపులోంచి ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. తలుపు మూసుకునేముందు వెనక్కి తిరగలేదు. కరీముల్లా మగవాళ్ళ గదిలో తివాచీ మీద అంచున కూర్చున్నాడు. చిన్న కప్పులో కాఫీ పోశారు. తాగకుండా కప్పు కింద పెట్టేశాడు.

దారంతా కూర్చుకున్న మాటలేవీ నోటికి రాలేదు. దర్జీ నోటికొచ్చే మాటలే వచ్చాయి. సంచి విప్పి చూడకుండా ఆది తీసుకున్నది నేను. ఆది నా ఇంట్లో మారింది. మా అబ్బాజాన్ అలవాటు నేనే చెప్పి, నేనే నేర్పాను. మారిన ఆదికి మంగరాజు కోసింది సరైన కటింగే. అతని తప్పు లేదు.

అర్బాబ్ జపమాల తిప్పుతూ విన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం మధ్యాహ్నం."

"ఇవాళ బుధవారం."

కరీముల్లా తల దించుకున్నాడు.  పూసలు ఒక్కొక్కటే వేలి మీంచి జారుతున్నాయి. లోపలి నుంచి ఏదో ముసలి గొంతు గట్టిగా మాట్లాడింది.  బయట తీగలు కట్టేవాళ్ళు నిచ్చెన జరుపుకున్నారు. కరీముల్లా కాఫీ చల్లారిపోయింది. గంట దాటాక, కాటుక పెట్టుకున్న ఒక చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చి అర్బాబ్ చెవిలో ఏదో చెప్పి, మళ్ళీ పరిగెత్తింది. అర్బాబ్ లేచి అలమార తీశాడు. ముద్ర, సిరాబిళ్ళ, లైసెన్సు తాలూకు కొత్త కాగితం తెచ్చుకుని కూర్చున్నాడు.

ఆ పనివాడి పూర్తి పేరు చెప్పమన్నాడు.

 ఇంత చెప్పినా మంగరాజుని వదల్లేదన్నమాట, అనుకున్నాడు కరీముల్లా. అర్బాబ్ పాస్‌పోర్టుల కట్టలోంచి ఒకటి లాగి, ఆ ఇంగ్లీషు అక్షరాల్ని ఎలా పలకాలో అడిగాడు. మం-గ-రా-జు, అని కరీముల్లా విడివిడిగా చెప్తుంటే కుడి నుంచి ఎడమకి ఒక్కో అక్షరమే రాశాడు. రాశాక సిరా మీద ఊది, కాగితాన్ని తిప్పి ముందుకు జరిపాడు. పన్నెండేళ్ళుగా రోజూ చూసిన కాగితమే కాబట్టి, ఏ గడి ఎక్కడుంటుందో చదవకుండానే కరీముల్లాకి తెలుసు. ముదీర్ అన్నచోట రాసి ఉంది మంగరాజు పేరు.

"తాళం వాడి దగ్గరుంటుంది," అన్నాడు అర్బాబ్. "నిన్ను ఉంచుకుంటాడో లేదో వాడినే అడుగు."

ముద్ర వేశాడు.

తిరుగు టాక్సీలో దిల్షాద్ మాట్లాడింది. ఆ అవ్వ భుజం చిన్నప్పుడు ఒంటె మీంచి పడితే విరిగిందట, కిందికే అతుక్కుందట. నల్లదారం కుట్టు ఎవరిదో కాదు, ఆమె చేత్తో కుట్టుకున్నదే. నేను ఊడదీశానని సైగలతో చెప్తే నా చెవి పట్టుకుని మెలేసింది, నిజంగా నొప్పెట్టింది. తర్వాత తనే భుజం చూపించింది, కొలుచుకోమని. మంగరాజన్న లోపల రెండువేళ్ళ గుడ్డ వదిలిపెట్టాడు, లేకపోతే నేనేం చేసేదాన్ని? కుడివైపు వదులు చేసి ఎడమవైపు దించాను. అవ్వ వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది, పెళ్ళికూతురి కంటే ఎక్కువ.

అప్పుడు అతను కాగితం చూపించి సంగతి చెప్పాడు. ఆమె కాగితాన్ని అందుకుని చూసి తిరిగిచ్చింది.

"అయితే ఇంకనించి మీరు పనికి పోతారన్న మాట. క్యారియరు కట్టాలా?"

అతను నవ్వలేకపోయాడు. కానీ ఆమె చెయ్యి సీటు మీద అతని చెయ్యి పక్కకి వచ్చి ఆగింది.

మంగరాజుకి అరబ్బీ చదవడం రాదు. ఆ సంగతి దుకాణం మెట్లు ఎక్కుతున్నప్పుడు కరీముల్లాకి గుర్తొచ్చింది. పాత కాగితం తీసి కొత్తది అద్దంలో పెట్టేస్తే ఏళ్ళ తరబడి గోడ మీద అలాగే ఉంటుంది, అతనికి ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన రెండు మెట్ల మేరే ఉంది, కానీ ఉంది. లోపలికెళ్ళి కాగితాన్ని కటింగ్ బల్ల మీద పరిచి, మంగరాజు పేరు మీద వేలు పెట్టి, మొత్తం చెప్పాడు. ఒంటిగంట తొందర, దిల్షాద్ సూది, సోమవారం, మంగళవారం.

మంగరాజు ముందుగా అడిగింది వేరే.

"పెద్దామెగారికి సరిపోయిందాండి?"

"సరిపోయింది. నువ్వు లోపల వదిలిన గుడ్డ వల్ల."

"హమ్మయ్య."

తర్వాత మెడలో టేపు తీసి చుట్టుకుంటూ, "రెండు రోజులు నేను పెట్టె సర్దుతుంటే చూశారండి మీరు," అన్నాడు.

"చూసినా."

మంగరాజు చెయ్యి చాపాడు. కరీముల్లా మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పి ఆ చేతిలో పెట్టాడు. మంగరాజు వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

గురువారం పెళ్ళికి అర్బాబ్ తన పేరు మీదున్న దుకాణాలన్నీ మూయించాడు. శుక్రవారం సెలవు. ఆ రెండు రోజులూ కరీముల్లా మూడో అంతస్తు బాల్కనీలోంచి కింద మూసి ఉన్న షట్టరునే చూశాడు. పావురం గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చిందని దిల్షాద్ చెప్తే, అదెక్కడో కూడా తల తిప్పి చూడలేదు. అతని చోట మంగరాజు తనకి తెలిసిన ఏ నెల్లూరు దర్జీనో, తుని దర్జీనో తెచ్చుకోవచ్చు. ఎవరూ అడగరు. ముదీర్ సంతకం చాలు.

శనివారం ఎనిమిదింటికి అతను చేతిలో క్యారియరుతో దిగాడు. షట్టరు మూసే ఉంది. పన్నెండేళ్ళలో మొదటిసారి తన దుకాణం బయట నిలబడ్డాడు. పక్క కిరాణా కొట్టు నూర్ మొహమ్మద్, ఏం భాయ్, తాళం పోగొట్టుకున్నావా, అని నవ్వాడు. కరీముల్లా క్యారియరుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ఎనిమిదీ పదికి మంగరాజు వెనక గది తలుపు వైపు సందులోంచి చుట్టి వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. రాగానే తాళంచెవి చాపాడు.

"మీరు తియ్యండి సాయిబుగారూ. నాకు అలవాటు లేదు."

"నీ చేత్తోనే తియ్యి. నేను లోపలికి రావాలో వద్దో చెప్పు."

మంగరాజు వంగి తాళం తీశాడు. షట్టరు సగంలో పట్టేసింది, ఎప్పుడూ అక్కడే పడుతుంది. కరీముల్లా క్యారియరు కింద పెట్టి రెండో పక్క చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి పైకి తోశారు. లోపలికెళ్ళాక మంగరాజు ఏసీ వేశాడు, బల్ల తుడిచాడు, పెద్ద కత్తెర తీసి పెట్టాడు. కరీముల్లా మిషను ముందు కూర్చోవాలా నిలబడాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు.

తొమ్మిదింటికి ఒక డ్రైవరు సంచి తెచ్చాడు. కరీముల్లా అతని ముందే సంచి విప్పి, ఆది కందూరాని బల్ల మీద పరిచాడు. మెడ దగ్గర ఒక గుండీ ఊడి, దారపుపోగుకి వేలాడుతోంది. అలవాటు కొద్దీ అతని చెయ్యి గుండీల డబ్బా మీదికి వెళ్ళింది. మధ్యలో ఆగిపోయింది.

మంగరాజు అది చూశాడు. మెడలోంచి టేపు తీసి భుజం, ఛాతీ, చెయ్యి, పొడుగు వరుసగా కొలిచాడు. ఒక్కోటీ సుద్దతో బల్ల అంచున రాశాడు. ఎడమ భుజం వేరుగా, కుడి భుజం వేరుగా రెండుసార్లు కొలిచాడు. అంతా అయ్యాక ఆ బట్టనీ గుండీల డబ్బానీ కరీముల్లా వైపు జరిపాడు.

"ఇప్పుడు కుట్టండి," అన్నాడు.